రెండో టేకు

గ్రిమ్స్‌బీలో గురువారం రాత్రులు
లాండ్రీ షాపు మీది గదిలో మేం ఆరుగురం.
కింద యంత్రాలు ఎవరివో దుప్పట్లు తిప్పుతుంటాయి,
నేల సన్నగా వణుకుతుంది,
తెర మీద మంచుకొండ కూడా వణుకుతుంది.

ఎవరికిష్టమైన డాక్యుమెంటరీ వాళ్ళు తేవాలి,
చూపించాలి, ఆనక మాట పడాలి.
అదీ నియమం. బిస్కెట్లు క్లైవ్‌వి.

తడేయుష్ తెచ్చింది ఉప్పుగని గురించి.
గంటన్నరలో ఒక్క మాట లేదు.
"మాట లేకపోతేనే నిజం" అంటాడు.
"మాట లేకపోతే నిద్ర" అంటాడు క్లైవ్.
క్లైవ్‌కి వెనకనించి ఓ బొంగురు గొంతు కావాలి,
ఇది కొంగ, ఇది దాని ఆకలి అని
వేలుపట్టి చూపిస్తూ ఉండాలి.
గొంతులు పోయేలా పోట్లాడుకుని
ఇద్దరూ ఒకే బస్సెక్కి ఇళ్ళకి పోతారు.

మీ వైపు ఎలాంటివి చూసేవారని
నన్నడిగారోసారి.
చెప్పాను: తెనాలి హాల్లో అసలు సినిమాకి ముందు
ప్రభుత్వంవారి రీలొకటి పడేది.
ఆనకట్టలు, టీకాలు, వరదలు.
సరిగ్గా అప్పుడే మగాళ్ళు బీడీలకి లేచేవాళ్ళు,
మా మేనత్త జడలో కనకాంబరాలు సర్దుకునేది,
సోడా కుర్రాడు గోలీ కొట్టేవాడు.
వరదలో జనం
మా వీపుల్ని చూస్తూ నిలబడేవాళ్ళు.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.
ఆ చివరి మాట మాత్రం
బయటికొచ్చాక మళ్ళీ లోపలికి పోలేదు.

నిన్న క్లైవ్ వంతు.
ఈ ఊరి మీదే తీసిన పాత నలుపు తెలుపు బొమ్మ.
రేవు, కోడిపిల్లల్లా పడవల చుట్టూ పక్షులు,
చేపలు కోసే ఓ పిల్ల కత్తి ఆపి
సముద్రంకేసి చూసి
మణికట్టుతో కళ్ళు తుడుచుకుంటుంది.
అంతే.
తడేయుష్ కూడా చప్పట్లు కొట్టాడు.
మా చరిత్రలో మొదటిసారి గొడవ లేకుండా
టీ చల్లారబోతోంది.

"అది మా ఎల్సీ" అంది ఏవిస్.
ఎనభై దాటిన మనిషి, ఎప్పుడూ మూల కుర్చీలో
ఊలు అల్లుకుంటూ ఉంటుంది.
"మా చెల్లెలు.
మొదటిసారి ఎండ సరిగా లేదన్నారు.
మళ్ళీ తుడుచుకోమన్నారు. నాలుగుసార్లు.
ఐదోసారికి చేతికున్న ఉప్పు కంట్లో పడింది.
వాళ్ళుంచుకున్నది అదే."

అప్పుడు చూడాలి గదిని.
మోసం, అన్నాడు తడేయుష్, లేచి నిలబడి.
కళ, అన్నాడు క్లైవ్, కూర్చునే.
ఉప్పు నిజమేగా, అన్నారెవరో.
ఏడుపు కాదుగా, అన్నారింకెవరో.
కింద యంత్రాలు ఆఖరి పిండుడుకొచ్చి
గోడమీద గడియారాన్ని కూడా ఊపేస్తున్నాయి.

ఏవిస్ కుట్లు లెక్కపెట్టుకుంది. పద్నాలుగు, పదిహేను.
"నాన్న ఎక్కిన ఓడ ఐస్‌లాండ్ దగ్గర
పోయిన చలికాలం అది.
ఇంట్లో దాని కన్ను తడవడం నేను చూళ్ళేదు.
ఎల్సీ పోయి పదకొండేళ్ళు.
అది ఏడ్చినట్టు నా దగ్గరున్నది
ఇదొక్కటే."

నేను ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తాను.
ఇటు తిరగండి, ఊపిరి బిగబట్టండి,
కదిలారు, ఇంకోసారి, అంటాను రోజుకి నలభైసార్లు.
విరిగిన ఎముకని
నటించిందని ఎవరూ అనరు.
ఈ మాట అందామనుకున్నాను. అనలేదు.
క్లైవ్ డబ్బా మూత సగం తీసి మర్చిపోయాడు.
తడేయుష్ అడగకుండానే
బొమ్మని వెనక్కి జరిపాడు,
కత్తి ఆగే చోటికి.

వచ్చేవారం నా వంతు.
ఆ వరద రీలు ఎక్కడన్నా దొరుకుతుందేమోనని
వెతుకుతున్నాను. పేరు తెలీదు, ఏడాది తెలీదు.
నడుంలోతు నీళ్ళు,
మేకపిల్లని నెత్తిన పెట్టుకున్న ఒకతను,
ఇటే చూస్తుంటాడు.
సోడా డబ్బులిద్దామని
నేను అటు తిరిగేదాకా.